పదో నంబరు పట్టాభిషేకం

తూర్పున సముద్రుడు తన తరంగ హస్తాలతో యారాడ కొండ పాదాలను అలుపు లేకుండా కడుగుతుండగా, నైరుతి దిక్కున ఉక్కు కొలుముల ధూమపతాకలు మేఘాలకు సైతం దారి ఇవ్వకుండా ఆకాశమంతా ఎగురుతుండగా, ఆ రెంటికీ నడుమ రహదారి మీద ఇనుప చువ్వల బరువుతో లారీలు మదగజాల వలె ఘీంకరిస్తూ సాగిపోతుండగా, సెల్‌ఫోను ఇంకా కాంట్రాక్టర్ల నడుములకు మాత్రమే ఆభరణమై, కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతి జీవీ పండితుడిగా పూజలందుకొంటున్న రెండువేల ఒకటో సంవత్సరపు మండువేసవిలో, కూర్మన్నపాలెం కూడలిలో, టైర్ల దుకాణం మీది మేడలో కొలువుదీరిన శ్రీ భీమశంకర ట్రాన్స్‌పోర్టు కార్యాలయంలో ఒక ఘోర సంగ్రామం జరిగింది. అందులో నెత్తురు చిందలేదు. ఒక గ్లాసెడు టీ మాత్రం చిందింది. సింహాసనాలు కూలలేదు, ఒక కుర్చీ మాత్రం కిర్రుమంది. అయినా వీరులు వీరులే, పంతాలు పంతాలే. కాబట్టి ఓ శ్రోతలారా, ఫ్యాను కిందికి జరిగి కూర్చుని వినండి.

ఆ కార్యాలయానికి ప్రభువు భీమశంకరరావు. కృష్ణా జిల్లా నుంచి ఒంటి లారీతో వచ్చి, ఉక్కును రేవుకు మోసి మోసి, చివరకు లారీల మహాసేనకు అధిపతి అయిన స్వయంకృషి సంపన్నుడు. పులి ఎదురొచ్చినా బెదరని ధీరుడు. ఎనిమిదో అంకె ఎదురొస్తే మాత్రం ఆయన గుండె జారిపోయేది. జాతకరీత్యా సూర్యుడు ఆయనకు రక్షకుడట, సూర్యుడి అంకె ఒకటట. కాబట్టి కారు నంబరు కూడినా ఒకటి రావాలి, ఫోను నంబరు కూడినా ఒకటి రావాలి. కూడితే ఎనిమిది వచ్చిందని బంగారం లాంటి కొత్త లారీని బావమరిదికి రాసిచ్చేసిన మహానుభావుడాయన. బావమరిది ఆ లారీతో హాయిగా ఉన్నాడన్న వార్త ఆయన చెవిన వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆ కొలువులో ప్రభువు తర్వాత అంతటివాడు హెడ్ గుమాస్తా నీలకంఠం. ఆయన ప్రాభవానికి మూలం జీతం కాదు, హోదా కాదు, ప్రింటరు. ఆఫీసులో కంప్యూటర్లు చాలానే ఉన్నా ప్రింటరు ఒక్కటే. అది నీలకంఠం బల్ల పక్కన, నీలకంఠం కంప్యూటరుకు మాత్రమే తగిలించి ఉండేది. లారీ కదలాలంటే సరుకు రసీదు కావాలి. రసీదు కావాలంటే దాన్ని ఫ్లాపీలో ఎక్కించుకుని నీలకంఠం సన్నిధికి రావాలి. వచ్చినవాళ్ళు ఆయన ఎదుటి స్టూలు మీద కూర్చునేవాళ్ళు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఫ్లాపీని ఉఫ్ అని ఊది, యంత్రంలోకి దోపి, అది గిర్రుగిర్రుమని ఆలోచించుకొనేలోపు వాళ్ళ ఇంటి సంగతులు అడిగేవాడు. ఎవరి బిడ్డకు జ్వరం తగ్గిందో, ఎవరింట్లో బోరు ఎండిందో, ఏ డ్రైవరు భార్య అలిగి అనకాపల్లి వెళ్ళిపోయిందో ఆయనకు తెలియంది లేదు. చివరకు ప్రింటరు కరకరమని గర్జించి కాగితాన్ని కక్కేది. ఆయన దాన్ని చుక్కల గీత వెంట పొందికగా చింపి చేతికిస్తూ, “జాగర్త” అనేవాడు. ఆ జాగ్రత్త కాగితం గురించో, భార్య గురించో ఎవరికీ బోధపడేది కాదు.

ఈ సుస్థిర సామ్రాజ్యం మీదికి దండెత్తి వచ్చిన నవయువకుడు ఉమాశంకర్. రామచంద్రపురం వరిచేల మధ్య పుట్టినవాడు, ద్వారకానగర్‌లోని శిక్షణా కేంద్రంలో కంప్యూటరు విద్యలన్నీ గడగడలాడించినవాడు, మూషికధారి, కీఫలక కోవిదుడు, సిస్టమ్స్ ఇన్‌చార్జి అనే బిరుదాంకితుడు. కొలువులో చేరి ఎంతో కాలం కాలేదు. అన్ని కంప్యూటర్లనూ విప్పి చూశాడు గానీ నీలకంఠం కంప్యూటరు మీద చెయ్యి వేసే భాగ్యం మాత్రం అతనికి కలగలేదు. దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నీలకంఠం, “బానే ఉందిలే బాబూ, దాని జోలికెల్లకు” అని కీబోర్డు మీద తువ్వాలు కప్పేవాడు.

యుద్ధానికి శంఖం పూరించినది రోజారమణి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రసీదులు టైపు చేసే ఆ గాజువాక వీరనారి ఒకనాడు ఫ్లాపీని ఖడ్గంలా పైకెత్తి ప్రభువు గదిలోకి దూసుకెళ్ళింది.

“దీన్నట్టుకుని ఈ గదికీ ఆ గదికీ తిరిగీ తిరిగీ నా సెప్పులు అరిగిపోతన్నాయండి. నీలకంఠం బాబాయేమో ఫ్లాపీ ఎట్టగానే మా అత్త కబుర్లు అడుగుతాడు. మా అత్త కబుర్లు సెప్పడానికా నాకు జీతమిత్తన్నారు?”

అప్పుడు ఉమాశంకర్ ముందుకు వచ్చి, ప్రింట్ సర్వర్ అనే దివ్యాస్త్రం గురించి విన్నవించాడు. అదేమిటో ఎరుగని పుణ్యాత్ములకు ఒక మాట: అది సబ్బుపెట్టె అంతటి ఒక చిన్న డబ్బా. దాని ఒక చెవికి ప్రింటరు తీగ, రెండో చెవికి కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్కు తీగ. అది ఉంటే ఎవరి సీట్లో వాళ్ళు కూర్చునే ప్రింటు కొట్టొచ్చు. ఫ్లాపీ అక్కర్లేదు. కాకపోతే నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఉన్నట్టే దానికీ ఒక అంకెల చిరునామా కావాలి. ఒకే చిరునామా రెండు యంత్రాలకు ఉండకూడదు. ఉంటే, ఒకే డోరు నంబరున్న రెండిళ్ళ మధ్య ఉత్తరం పట్టుకుని నిలబడ్డ పోస్టుమ్యాన్ గతి పడుతుంది నెట్‌వర్కుకు.

చిరునామా అన్న మాట వినగానే భీమశంకరరావు నిటారుగా కూర్చున్నాడు.

“నంబరంటున్నావు. ఎంతయ్యా?”

“ఏదైనా పెట్టొచ్చండి. ఇరవై, ముప్పై...”

“ఏదైనా పెట్టడానికి అదేమన్నా సినిమా టిక్కెట్టా? మొత్తం చదువు.”

“నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, సున్నా. ఆ తర్వాత మనిష్టమండి.”

ప్రభువు కాలిక్యులేటరును దగ్గరకు లాక్కున్నాడు. అంకెలను విడదీశాడు, కూడాడు, మళ్ళీ విడదీశాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఆపైన ముఖం సూర్యోదయంలా విచ్చుకుంది.

“ఇరవై ఏడు. అంటే తొమ్మిది. చివర పది పెట్టు. ఒకటొస్తుంది.”

“పంతొమ్మిది పెట్టినా ఒకటేనండి,” అన్నాడు ఉమాశంకర్, విద్యార్థి దశ ఇంకా వదలక.

“పంతొమ్మిదిలో తొమ్మిది దాక్కునుంది. పదిలో ఉన్నది సున్నా. సున్నా ఎవరి జోలికీ రాదు. పది!”

ఆ విధంగా రాజాజ్ఞ వెలువడింది. దానికి తోకగా మరొకటి కూడా వెలువడింది. రేవులో ఓడ నిండుతోందని, కింద లారీలు బారులు కట్టి ఉన్నాయని, మర్నాడు భోజనాల వేళకు ప్రింటరులోంచి కాగితం రాకపోతే డబ్బా కొట్టుకూ, ఉమాశంకర్ ద్వారకానగర్‌కూ తిరుగు ప్రయాణం కట్టాలని. ఉమాశంకర్ తలవంచి ఆజ్ఞ స్వీకరించాడు. ఈ ఉద్యోగం వచ్చిందని రామచంద్రపురంలో అతని తల్లి భ్రమరాంబ వీధి వీధంతా అరిసెలు పంచింది. ఆ అరిసెలను వెనక్కి తెప్పించడం ఎవరి తరమూ కాదు.

ఆ సాయంత్రమే కొట్టు నుంచి డబ్బా వచ్చింది, మర్నాడు పొద్దున్నే ప్రథమ యుద్ధం ప్రారంభమైంది. ఉమాశంకర్ నీలకంఠం కంప్యూటరు వెనక నుంచి ప్రింటరు తీగను పెరికి డబ్బాకు తగిలించాడు. నీలకంఠం ఆ దృశ్యం చూడలేక కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. డబ్బా నుదుట ఒక నారింజ రంగు దీపం ఒంటికన్ను రాక్షసునిలా రెప్పలార్చింది. మన వీరుడు తన కంప్యూటరు ముందు పద్మాసనం వేసి, వేళ్ళు విరిచి, ఆ రాక్షసుని పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. జవాబు లేదు.

ఎందుకు పలుకుతుంది? దానికి కర్మాగారంలో పుట్టుకతో ఇచ్చిన చిరునామా వేరే పేటది. ఈ పేటవాళ్ళు పిలిస్తే దానికి వినబడదు. ఆ రహస్యం ఎరిగిన ఉమాశంకర్ తన కంప్యూటరు చిరునామానే తాత్కాలికంగా మార్చి, శత్రునగరంలోకి మారువేషంలో ప్రవేశించే గూఢచారి వలె ఆ పేటలోకి జొరబడి, మళ్ళీ పిలిచాడు. అయినా పలకలేదు! అంతకు ముందే ఎవరో ఆ డబ్బాను కొని, దానికి తమ సొంత చిరునామా నేర్పి, నచ్చక కొట్టువాడికి తిరిగి ఇచ్చి ఉండాలి. ఇప్పుడు అది ఏ పేరుకు పలుకుతుందో దానికి తప్ప ఎవరికీ తెలియదు.

కింద నుంచి హారన్లు. వాటి మీదుగా పైడయ్య అనే డ్రైవరు గొంతు: “ఓలమ్మా! రసీదు వత్తాదా, నేపోతే లారీ కిందే వంటెట్టుకోమంటారా?”

ఉమాశంకర్ డబ్బాను వెనక్కి తిప్పాడు. అక్కడ సూదిబెజ్జమంత ఒక రంధ్రం. దానిలోని మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే డబ్బా పూర్వజన్మ స్మృతులన్నీ మరచిపోయి, పుట్టుకనాటి చిరునామాకు తిరిగి వస్తుంది. కానీ పెన్ను మొన పట్టలేదు. అగ్గిపుల్ల విరిగిపోయింది. స్క్రూడ్రైవరు మొన ముందు ఆ రంధ్రం హేళనగా నవ్వింది. నిరాయుధుడై దిక్కులు చూస్తున్న ఆ వీరుని చూసి జాలిపడిన రోజారమణి, తన గాజుకు వేలాడుతున్న పిన్నీసుల గుత్తిలోంచి ఒకదాన్ని విడదీసి, “ఇందండి. వొంచీకండి, నా సీరకి కావాలి” అని అందించింది.

ధగధగా మెరిసే ఆ పిన్నీసును ఉమాశంకర్ కళ్ళకు అద్దుకున్నాడో లేదో గానీ, గురి చూసి పొడిచాడు. నొక్కి పట్టాడు. దీపం ఆరిపోయి, ఒక్క క్షణం లోకమంతా చీకటైనట్టు తోచి, చటుక్కున పచ్చగా వెలిగింది. ఆనందోద్రేకంలో అతని మోచెయ్యి తగిలి పక్కనున్న టీ గ్లాసు బోర్లా పడింది. ముందే చెప్పిన రక్తపాతం ఇదే.

ఈసారి పిలిచాడు. పలికింది! గురువు ముందు శిష్యుడిలా తన తలుపులన్నీ తెరిచింది. ఉమాశంకర్ దాని చిరునామా గడిలో రాజాజ్ఞ ప్రకారం పది అని టైపు చేసి, ఎంటర్ మీటను రోకటి పోటులా మోది, తన యంత్రాన్ని మళ్ళీ సొంత పేటకు తెచ్చుకుని, రోజారమణి వైపు చెయ్యి ఊపాడు. ఆమె ప్రింటు కొట్టింది.

కాగితం రాలేదు.

వచ్చింది మరొకటి. నీలకంఠం కంప్యూటరు టంగుమని ఒక గంట కొట్టి, తెర నడిబొడ్డున ఒక హెచ్చరిక నిలబెట్టింది. నీలకంఠం కళ్ళజోడు పైకి జరిపి, పెదాలు కదుపుతూ చదివి, తల తిప్పాడు.

“బాబూ, నా నంబరు ఎవుడో ఎత్తుకుపోతన్నాడంటంది ఇది. నా నంబరేటి?”

ఉమాశంకర్ పరుగున వచ్చి చూశాడు. నీలకంఠం కంప్యూటరు చిరునామా చివరి అంకె పది! తనను ఎన్నడూ ముట్టుకోనివ్వని ఆ ఒక్క కంప్యూటరులోనే ప్రభువు కోరిన అంకె కొలువై ఉంది. పదో నంబరు గద్దె ఒకటి. దాని మీద ఇద్దరు.

“ఏం లేదండీ నీలకంఠంగారూ. మీరు కొంచెం లేస్తే, మీ నంబరు మార్చేస్తాను. రెండు నిమిషాలు.”

నీలకంఠం లేవలేదు. తువ్వాలు తీసి కీబోర్డు మీద కప్పాడు. తువ్వాలు మీద రెండు చేతులూ పెట్టాడు. కుర్చీ కిర్రుమంది. ఆపైన కొండ మీది నుంచి బండరాళ్ళు దొర్లినట్టు ఆయన నోటి నుంచి వీరవాక్యాలు దొర్లాయి.

“ఇనుకో బాబూ! ఈ కంప్యూటరు నా బల్ల మీద ఎట్టిన నాడే ఆ కంపెనీ కుర్రోడెవుడో వచ్చి నాకు పది ఇచ్చీసి ఎల్లిపోనాడు. అది నాకిప్పుడే తెల్సినాది, కానీ తెల్సినాక అది నాది. ఈ డబ్బా నిన్న వచ్చినాది. నాను ముందొచ్చినోడిని. ముందొచ్చినోడు లెగాలా, ఎనకొచ్చినోడు కూకోవాలా? ఇదేటి నాయం? పింటరు తీగ పీకీసినావు, పీక్కో అన్నాను. రేపట్నించి ఈ స్టూలు మీద కాకి కూడా వాలదు, సరే అన్నాను. ఇప్పుడు నంబరు కూడానా? సముద్రం ఎనక్కెల్లిపోనీ, సిమాసలం కొండ పక్కకి జరిగిపోనీ, నీలకంఠం మాత్రం జరగడు. అప్పన్నబాబు మీద ఒట్టు!”

రోజారమణి నడుం మీద చెయ్యి వేసుకుంది. “బాబాయ్, కింద లారీలోళ్ళు మనల్ని తినీసేలాగున్నారు. నంబరు కాడ పంతమేటి నీకు?”

ఉమాశంకర్ నవ్వి, తేలిగ్గా అన్నాడు. “నంబరే కదండీ. ఇంకో చోట ఇంకోటి ఇచ్చేస్తాను. దాంట్లో ఏముంది?”

నీలకంఠం అతనికేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎక్కడో విన్న పాటను గుర్తుపడుతున్నవాడిలా చూశాడు.

“అచ్చం ఇలగే అన్నారు బాబూ,” అన్నాడు నెమ్మదిగా. “ఊరే కదా, ఇంకో కాడ ఇచ్చీత్తాం, దాన్లో ఏటున్నాది అన్నారు.”

ఇక్కడ కథకుడు తన మదగజాలనూ దివ్యాస్త్రాలనూ కాసేపు గోడకు ఆనించి పెడుతున్నాడు.

“నాకప్పుడు నీ వయసు,” అన్నాడు నీలకంఠం. “ఫ్యాక్టరీ వత్తాదన్నారు. మంచిదే. శానా మందికి ఉజ్జోగాలొచ్చాయి, నాను కాదన్ను. ఊరు ఊరంతా బళ్ళు కట్టీసి ఎల్లిపోనాం. సీటీలేసి స్తలాలిచ్చారు. మా అయ్య సెయ్యెట్టి ఏ సీటీ తీత్తే అదే ఇల్లు. నీకేది కావాలి అని ఒక్కుడు, ఒక్కుడంటే ఒక్కుడు అడగలేదు బాబూ. ఇప్పుడు మా ఊరి పేరు రాసి నువ్వో ఉత్తరమేత్తే ఎక్కడికెల్తాదో సెప్పు?”



“ఎక్కడికీ ఎల్దు,” అన్నాడు ఆయనే. తువ్వాలు మీద చేతులు అలాగే ఉన్నాయి.

అదే సమయానికి అద్దాల గది తలుపు తెరుచుకుని భీమశంకరరావు గొంతు ప్రళయ మేఘంలా ఉరిమింది. “ఏమయ్యా, కాగితం వచ్చిందా లేదా? ఏమిటా పంచాయితీ? నీలకంఠం, లే! నేను చెబుతున్నా కదా, లే!”

నీలకంఠం చేతులు తువ్వాలు మీద నుంచి కదలబోయాయి. ప్రభువు మాట కాదనే అలవాటు ఆయనకు లేదు. అప్పుడు ఉమాశంకర్ తానే ఎరుగని సాహసం చేశాడు. ప్రభువుకూ గుమాస్తాకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. అతని కళ్ళ ముందు అరిసెలు గిర్రున తిరిగాయి.

“వద్దండి. ఆయన్ని లేపకండి. ఒక్క నిమిషం ఇవ్వండి నాకు.”

లారీల సేనాధిపతి నోరు తెరిచి, మూయడం మరచిపోయాడు. ఉమాశంకర్ స్టూలు లాక్కుని నీలకంఠం ఎదుట కూర్చున్నాడు. చేతిలో ఫ్లాపీ లేకుండా ఆ స్టూలు మీద కూర్చున్న మొదటి మనిషి అతనే.

“నీలకంఠంగారూ, మీకు ఏ నంబరు కావాలండీ?”

“ఏటి?”

“మీరు చెప్పండి. రెండు నుంచి రెండొందల యాభై నాలుగు దాకా, ఎవరూ ఉండనిది ఏదైనా సరే. మీరడిగిందే ఇస్తాను. మీకు నచ్చకపోతే పదే ఉంచేస్తాను. డబ్బా సంగతి నేను అయ్యగారితో మాట్లాడుకుంటాను.”

“నానడిగిందేనా?”

“మీరడిగిందేనండి.”

నీలకంఠం కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. రెండొందల పైచిలుకు అంకెలు ఆయన ముందు స్వయంవరానికి వచ్చిన రాకుమారుల్లా బారులు తీరి నిలబడ్డాయి. ఫ్యాను తిరిగింది. పైడయ్య హారన్ మోగింది. ఆయన కంగారు పడలేదు. చాలాసేపటికి, అడగొచ్చో అడగకూడదో అన్నట్టు, గొంతు తగ్గించి అడిగాడు.

“నలభై ఒకటి ఉందేటి?”

ఉమాశంకర్ తన కంప్యూటరు దగ్గరికి వెళ్ళి పిలిచి చూసి వచ్చాడు. “ఉందండి.”

“అందల ఎవులూ లేరేటి?”

“ఎవరూ లేరండి. ఖాళీగానే ఉంది.”

“మా ఇల్లు బాబూ,” అన్నాడు నీలకంఠం. “మా ఊల్లో మా ఇంటి నంబరు. పంచాయితీవోలు గోడ మీద తారుతో రాసీసి ఎల్లారు. మా అమ్మ జోగమ్మ పండక్కి గోడకి సున్నమేసేది కాదేటి, ఆ నంబరు మీద సుక్క పడనిచ్చీది కాదు. సుట్టూ ఏసుకొచ్చి దాన్ని ఒగ్గీసీది. ఊరు ఒగ్గీసిన నాడు కూడా ఆ గోడని సెంగుతో తుడిసింది.”

రోజారమణి నడుం మీది చెయ్యి ఎప్పుడో కిందికి దిగింది. భీమశంకరరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన వేళ్ళు అలవాటు చొప్పున ముడుచుకుని విచ్చుకుంటున్నాయి.

“నలభై ఒకటి... ఉండవయ్యా... నాలుగూ ఒకటీ అయిదు. తొమ్మిదీ అయిదూ పద్నాలుగు. ఒకటీ నాలుగూ అయిదు!” ప్రభువు గుడ్లు పెద్దవయ్యాయి. “అయిదంటే బుధుడు. లెక్కలకి, వర్తకానికి అధిపతి. హెడ్ గుమాస్తాకి ఇంతకంటే మంచి నంబరు ఉందా? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నువ్వు?”

“నన్నెవులడిగారండి?” అన్నాడు నీలకంఠం. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. లేచి నిలబడి, రాజు సామంతుడికి కోట తాళాలు ఇచ్చినట్టు, తన కుర్చీని ఉమాశంకర్ వైపు జరిపాడు.

ఇక గోడకు ఆనించిన ఆయుధాలను మళ్ళీ అందుకోవచ్చు. ఉమాశంకర్ ఆ కంప్యూటరును తొలిసారి ముట్టుకున్నాడు. పదిని చెరిపి నలభై ఒకటిని ప్రతిష్ఠించాడు. యంత్రం తనను ఒకసారి ఆపి మళ్ళీ మేల్కొలపమని వేడుకుంది, మేల్కొలిపాడు. అది ఆవలించి, కిటికీల బొమ్మ చూపించి, ఎంతకీ తెమలక, గంపెడు బద్ధకంతో లేస్తుండగా అందరూ దాని చుట్టూ మూగి పురిటిగది బయట చుట్టాల్లా నిలబడ్డారు. ఈసారి గంట మోగలేదు. హెచ్చరిక రాలేదు. పదో నంబరు గద్దె ఖాళీ అయింది. సబ్బుపెట్టె అంతటి డబ్బా దాని మీద నిర్విఘ్నంగా ఆసీనమైంది.

“కొట్టండి రోజారమణిగారూ!”

ఆమె తన సీట్లోకి పరుగెత్తింది. మరుక్షణం ప్రింటరు ఒళ్ళు విరుచుకుని, సూదుల దంతాలు పటపట కొరికి, దిక్కులు పిక్కటిల్లేలా కరకరకరమని గర్జించింది. లారీ నంబరు, చువ్వల బరువు, రేవు పేరు, పైడయ్య పేరు వరుస వరుసగా తెల్ల కాగితం మీదికి ఎగబాకాయి. జయజయధ్వానాలు మిన్నంటాయి. ఆ ధ్వని కింద టైర్ల దుకాణం దాకా కూడా వినబడలేదు గానీ, అది హారన్ల తప్పు.

ఉమాశంకర్ కాగితం అందుకోబోయాడు.

“ఆగు బాబూ. సింపీగల్వు,” అని నీలకంఠం ముందుకు వచ్చి, చుక్కల గీత వెంట పొందికగా చింపి, కిటికీలోంచి కేకేశాడు. “పైడయ్యా! రసీదొచ్చీసింది, రా! నీ పెళ్ళాం అనకాపల్లి నించి వచ్చినాదా?”

“నిన్ననే వచ్చినాది బాబూ!” అని కింద నుంచి జవాబు.

ఆపైన జరిగిన సంగతి వ్యూహ రచయితలెవరూ ఊహించనిది. సీట్లో కూర్చునే ప్రింటు కొట్టొచ్చని తెలియగానే ఆఫీసంతా ఒక్కుమ్మడిగా కొట్టింది. ఎకౌంట్సు ఎల్లారావు కొట్టాడు, బుకింగు వీరన్న కొట్టాడు, ప్రభువు కూడా తన పేరు తానే ఒకసారి ప్రింటు కొట్టుకుని చూసుకున్నాడు. కొట్టిన కాగితం ఎక్కడికి వస్తుంది? ప్రింటరుకు. ప్రింటరు ఎక్కడుంది? ఇంకో చోట ప్లగ్గు లేదు కాబట్టి నీలకంఠం బల్ల పక్కనే ఉంది. కాకి వాలదనుకున్న స్టూలు మీద మనిషి లేచేలోపు మనిషి వాలాడు. “ఒకడి తర్వాత ఒకడు రండి. ఎవుడి కాయితం ఏదో నాను సూసి ఇత్తాను. ఎల్లారావూ, మీ ఇంట్ల బోరు పడినాదేటి?” అని నీలకంఠం ముందెన్నడూ లేనంత ఠీవిగా దర్బారు తీర్చాడు. పని ఎంత పెరిగిందంటే ఆ పూట ఆయన టీ కూడా ఒకరి చేత తెప్పించుకోవలసి వచ్చింది.

భోజనాల వేళకు కాస్త సద్దుమణిగాక ఆయన ఉమాశంకర్‌ను పక్కకు పిలిచాడు.

“బాబూ, ఈ నలభై ఒకటి... మళ్ళీ ఎవులైనా వొచ్చి తీసీమంటే?”

“నేనుండగా తియ్యనండి. ఎవరైనా తీయాల్సొస్తే మిమ్మల్నే అడగమంటాను.”

“అడిగితే సాలు,” అన్నాడు నీలకంఠం. తన స్టీలు క్యారేజీ విప్పి, చేపల పులుసు గిన్నెను అతని వైపు జరిపాడు. “తిను. మీ గోదారోలు బెల్లం వేత్తారంట కదా అన్నింట్ల. ఇది తిను, పులుసంటే ఏటో తెలుత్తాది.”

ఉమాశంకర్ తిన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. కారం మరి.

లోకులారా! ఉక్కునగర ప్రాంతపు రణరంగంలో మహావీరుల పంతాలతో, పిన్నీసు శౌర్యంతో, ఒక గ్లాసెడు టీ బలిదానంతో సాధించిన ఆ ఘనవిజయ ఫలం ఏమిటో ఇప్పుడు ముక్తకంఠంతో చాటుతున్నాను. పూర్వం రోజారమణి చేతిలో ఫ్లాపీతో నీలకంఠం బల్ల దాకా నడిచి, కాగితంతో తిరిగి వచ్చేది. నాటి నుంచి ఆమె వట్టి చేతులతో నీలకంఠం బల్ల దాకా నడిచి, కాగితంతో తిరిగి వస్తోంది. అత్త కబుర్లు యథాతథంగా సాగుతున్నాయి. చెప్పులు యథాతథంగా అరుగుతున్నాయి. భూభారంలో మాత్రం, కచ్చితంగా, ఒక ఫ్లాపీ బరువు తగ్గింది!